కాలిఫోర్నియాలో డర్ట్ బైక్ కొనేముందు లేబుల్ చదవండి

కావలి నుంచి వచ్చిన మా నాన్న గరాజ్‌లో డర్ట్ బైక్ (మట్టిదారుల్లో నడిపే మోటార్‌సైకిల్) చూసి అడిగిన మొదటి మాట: "రోడ్డెక్కని బండి ఎందుకు కొన్నావురా?" పికప్ వెనకాల పట్టీలతో బిగించి, గంటసేపు మోసుకెళ్ళి, కొండల్లో దించి నడపడమేంటో ఆయనకి అంతుపట్టలేదు. నిజానికి, అది రోడ్డెక్కదని కొన్న రోజున నాకూ తెలియదు.

మేముండేది ఫ్రీమాంట్‌లో. మూడేళ్ళ కిందట ఒకాయన దగ్గర పాత కవాసాకి కేఎల్ఎక్స్300ఆర్ కొన్నాను. "లైట్లు, అద్దం, హారన్ పెట్టించుకో, నంబర్ ప్లేటు వచ్చేస్తుంది" అన్నాడు. నమ్మి లైట్ల కిట్ కూడా కొన్నాను. తీరా డీఎంవీకి (బండ్ల రిజిస్ట్రేషన్, లైసెన్సులు చూసే ఆఫీసు) వెళితే, ఫ్రేము మీద ఎమిషన్ లేబుల్ (కాలుష్య ప్రమాణాల చీటీ) చూపించమన్నారు. ఆఫ్-హైవేకి, అంటే రోడ్లు కాని చోట్లకి మాత్రమే అని ఉంది, ప్లేటు రాలేదు. ఆ కిట్ ఇంకా డబ్బాలోనే ఉంది. పక్కనున్న నెవాడా, అరిజోనాల్లో కావలసినవన్నీ బిగించి తనిఖీ చేయిస్తే రోడ్డు ప్లేటు తెచ్చుకునే దారి ఉంది. యూట్యూబ్‌లో "ఇలా మార్చేయండి" అని చూపించేవాళ్ళు చాలామంది అలాంటి రాష్ట్రాలవాళ్ళే. అవి చూసి ఇక్కడ డబ్బు పెట్టకండి.

రోడ్డు మీదా, మట్టిలోనూ నడపాలనుకుంటే కంపెనీ నుంచే డ్యూయల్ స్పోర్ట్‌గా వచ్చిన బండి తీసుకోండి. పేర్ల దగ్గరే బోల్తా పడతాం. కేఎల్ఎక్స్300 రోడ్డెక్కుతుంది, చివర 'ఆర్' తగిలిందా, ఎక్కదు. హోండాలో సీఆర్ఎఫ్300ఎల్ రోడ్డుది, సీఆర్ఎఫ్250ఎఫ్ మట్టిది. రోడ్డు బండి అయితే ఎమ్1 (మోటార్‌సైకిల్) లైసెన్స్, ఇన్సూరెన్స్, హెల్మెట్ తప్పనిసరి. లైసెన్స్ తీసుకునేవాళ్ళకి 21 ఏళ్ళు నిండకపోతే ట్రైనింగ్ కోర్సు కూడా చెయ్యాలి.

మట్టి బండే చాలు అనుకుంటే, పబ్లిక్ స్థలాల్లో నడపడానికి డీఎంవీ ఇచ్చే గ్రీన్ స్టిక్కర్ కావాలి. రెండేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి, ఎడమ ఫోర్కు మీద కనబడేలా అంటించాలి. పాత బండి బేరమాడేటప్పుడు రేటు కంటే ముందు విన్ నంబర్ (ఫ్రేము మీద ఉండే బండి గుర్తింపు సంఖ్య) అడగండి. అందులో ఎనిమిదో స్థానంలో 3 గానీ సీ అక్షరం గానీ ఉంటే అది రెడ్ స్టిక్కర్ బండి, అంటే కాలుష్య ప్రమాణాలకి తగ్గట్టు తయారు కానిది. 2022 మోడల్ నుంచి రెడ్ స్టిక్కర్ ఇవ్వడమే ఆపేశారు, కాబట్టి కొత్త మోటోక్రాస్ రేసు బండి మీద మనసు పడ్డవాళ్ళు ఎక్కడ నడపబోతున్నారో ముందే తేల్చుకోండి. కొన్నాక పది రోజుల్లో బండిని మీ పేరు మీదికి మార్పించుకోవాలి. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేసేలోపు టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సంతకం చేయించుకుంటే టెన్షన్ ఉండదు.

ఇంటి ముందు వీధిలో "ఒక్క రౌండే కదా" అని నడపకూడదు. పెట్రోలు బంకు వీధి చివరే ఉన్నా సరే, తోసుకెళ్ళడమో ట్రక్కులో వేసుకెళ్ళడమో. ట్రెయిల్‌కి రెండు లేన్ల రోడ్డు అడ్డమొస్తే మాత్రం పూర్తిగా ఆగి, వచ్చే వాహనాలకి దారిచ్చి, రోడ్డుకి నేరుగా అడ్డంగా దాటొచ్చు. మా కాలనీలో పిల్లలు సర్‌రాన్‌ల (ఎలక్ట్రిక్ డర్ట్ బైకులు) మీద తిరుగుతుంటే "ఎలక్ట్రిక్ సైకిలే కదండీ" అంటారు పెద్దలు. కాదు. ఈ-బైక్ అనిపించుకోవాలంటే తొక్కడానికి పెడళ్ళుండాలి, మోటారు 750 వాట్లు దాటకూడదు.

మావాడికి పన్నెండేళ్ళు. పద్నాలుగు నిండనివాళ్ళకి బండి సరిగ్గా అందకపోతే తల్లో తండ్రో, వాళ్ళు అప్పగించిన పెద్దవాళ్ళో నడపనివ్వకూడదు. బ్రేకులు, క్లచ్, గేరు అన్నీ అందాలి. మావాడు వేలి చివర్లతో అందుకుని "అందుతున్నాయి నాన్నా" అన్నాడు. అందడమంటే నొక్కగలగడం అని చెప్పి చిన్న బండి వెతికాను.

మాకు దగ్గర్లో శాన్ హోసే పక్కన మెట్‌కాఫ్ పార్కు, లివర్‌మోర్ దాటాక కార్నెగీ, దక్షిణాన హాలిస్టర్ హిల్స్ ఉన్నాయి. కొత్తవాళ్ళకి నేను హాలిస్టరే చెబుతాను, తేలికైన ట్రెయిల్స్ ఉంటాయి. నేషనల్ ఫారెస్టుకి వెళ్ళేవాళ్ళు అక్కడి మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ తీసుకోండి. ఉచితమే. అందులో చూపించని దారిలోకి వెళ్ళకూడదు.

ఇంకో రెండు రూల్స్ సైలెన్సర్ దగ్గరున్నాయి. 1986 నుంచి తయారైన బండ్ల శబ్దం 96 డెసిబెల్స్ దాటకూడదు, మీటరు సైలెన్సర్‌కి 20 అంగుళాల దూరంలో పెట్టి కొలుస్తారు. మోత కోసం కొన్న సైలెన్సర్లు ఇక్కడే దొరికిపోతాయి. రెండోది స్పార్క్ అరెస్టర్, నిప్పురవ్వలు బయటికి పోకుండా ఆపే జాలి. ఫారెస్ట్ సర్వీస్ ఆమోదించినదే ఉండాలి. వేసవికి ఈ కొండల మీద గడ్డి ఎండి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు.

మా నాన్నకీ చెప్పక్కర్లేకపోయింది. ఊళ్ళో ట్రాక్టరు పొగగొట్టం రవ్వకి గడ్డివామి మొత్తం తగలబడడం ఆయన కళ్ళారా చూశాడు. హాలిస్టర్‌లో నేను పట్టీలు విప్పుతుంటే, ఆయన వంగి పక్కవాళ్ళ సైలెన్సర్లలోకి తొంగి చూస్తూ "జాలి ఉందిరా, జాలి ఉందిరా" అంటూ పార్కింగంతా తిరిగాడు.