దూరపు గ్రహాన్ని వర్ణించే ముందు పడాల్సిన జాగ్రత్తలు

సైన్స్ ఫెయిర్‌కి చార్టు రాస్తున్నా, పిల్లలకి కథ చెప్తున్నా, వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల జోలికి వెళ్లేముందు కాస్త జాగ్రత్త అవసరం. కొలిచి తెలుసుకున్నదీ మనం ఊహించుకున్నదీ కలిసిపోతే పిల్లలు రెండింటినీ ఒకేలా నమ్మేస్తారు. తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

“గాజు వాన కురిసే నీలి గ్రహం” అని తెగ షేర్ అయ్యే హెచ్‌డీ 189733 బీ సంగతే చూడండి. దీన్ని 2005లో కనిపెట్టారు. మనకి సుమారు 65 కాంతి సంవత్సరాల దూరం. గురుగ్రహం కన్నా కాస్త పెద్దది, కాస్త బరువైనది. తన నక్షత్రాన్ని 2.2 రోజుల్లో చుట్టేస్తుంది. ముందు ఈ అంకెలు రాసుకోండి. అవి ఎలా తెలిశాయో కూడా పక్కనే రాయండి. గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు సుమారు 2.4 శాతం తగ్గుతుంది, దాన్నిబట్టి సైజు తెలిసింది. గ్రహం లాగుడికి నక్షత్రం అటూ ఇటూ కదులుతుంది, దాన్నిబట్టి బరువు తెలిసింది.

బొమ్మలతో మరీ జాగ్రత్త. నెట్‌లో దొరికే ఆ నీలి గోళం ఫొటో కాదు, చిత్రకారులు గీసింది. నీలం రంగు మాత్రం ఊరికే వేసింది కాదు. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు మొత్తం వెలుగులో నీలం వాటా తగ్గిందనీ, ఆకుపచ్చ, ఎరుపు అలా తగ్గలేదనీ హబుల్ టెలిస్కోప్ పట్టుకుంది. అంటే తగ్గిన ఆ నీలం గ్రహం నుంచి వస్తున్నదే. ఆ ఫలితం 2013లో వచ్చింది. నాకైతే ఆ బొమ్మకన్నా ఈ కొలతే ఎక్కువ అద్భుతంగా అనిపిస్తుంది.

గాజు వాన విషయానికొస్తే, గాలి వేగం గంటకి 8,000 కిలోమీటర్లు దాటుతుందన్నది నక్షత్రకాంతిని విశ్లేషించి తేల్చిన లెక్క. మేఘాల్లో ఇసుకలాంటి సిలికేట్ రేణువులు (గాజు తయారయ్యేది ఇలాంటి పదార్థంతోనే) ఉండొచ్చన్నది శాస్త్రవేత్తల అంచనా. వాన పడటం ఎవరూ చూడలేదు. కాబట్టి “కురుస్తుంది” అనకండి, “కురుస్తుండొచ్చు” అనండి.

ఇంత చెప్పానని ఊహని మానేయకండి. కొలతలు దాటకుండా ఎంత దూరమైనా వెళ్లండి. ఉదాహరణకి ఇలా: “కాళ్ల కింద నేల లేదు, ఎటు చూసినా వాయువే. పగటివైపు వేడి 900 డిగ్రీల పైనే. మన సూర్యుడికి 25 రెట్ల వెడల్పున కనిపించే నారింజ నక్షత్రం అస్తమించకుండా ఒకేచోట నిలిచి ఉంది. పక్కనుంచి గాజు రవ్వలు దూసుకొస్తున్నాయి.” ఇందులో గాజు రవ్వలు అంచనా. నక్షత్రం వెడల్పు దాని సైజునీ దూరాన్నీ బట్టి వేసిన లెక్క. గ్రహం ఎప్పుడూ ఒకే ముఖాన్ని నక్షత్రానికి చూపిస్తుందన్నది అంత దగ్గరగా తిరిగే గ్రహాల గురించి సిద్ధాంతం చెప్పే మాట. ఏది ఏ కోవదో చార్టులో వేరే వేరే రంగుల ఇంకుతో రాస్తే పిల్లలకి ఇట్టే తెలుస్తుంది.

పాత చార్టుని ఉన్నదున్నట్టు మళ్లీ వాడొద్దు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అక్కడ ఉందని 2024లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ సమాచారంతో తేలింది. అందుకే ప్రతి కొలత పక్కనా ఏ సంవత్సరానిదో వేయండి.