పాయిజాన్ ఫిట్టింగ్‌కి కై-స్క్వేర్ టెస్ట్ ఎలా చేయాలి?

అరుదైన సంఘటనల లెక్కకి వాడే పాయిజాన్ సూత్రం మన డేటాకి సరిపోతుందో లేదో చూసేదే ఈ టెస్ట్. హైదరాబాద్ డిగ్రీ కాలేజీల్లో స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్స్ దగ్గరపడితే చాలు, దిద్దడానికి ఒకే రకం రికార్డులు వస్తాయి. టేబుల్ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటుంది, లెక్కా సరిగ్గానే ఉంటుంది. చివర్లో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కలో స్వేచ్ఛగా మారగల వరసల సంఖ్య) దగ్గర కొంప మునుగుతుంది.

కావలసినవి సైంటిఫిక్ కాలిక్యులేటర్, కై-స్క్వేర్ టేబుల్, పెన్సిల్, స్కేలు. టేబుళ్ల పుస్తకం కోఠిలో పాతది కొన్నా చాలు. లాప్‌టాప్ మాత్రం మూసేయండి. ఎక్సెల్‌లో చేసి రికార్డులోకి ఎక్కించినవాళ్లు వైవాలో ఇట్టే దొరికిపోతారు.

డేటాకి పాత ఉదాహరణే తీసుకుందాం. ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయినవాళ్ల లెక్క ఇది, 1898లో బోర్ట్‌కీవిచ్ ప్రచురించాడు. 10 దళాలు, 20 ఏళ్లు, మొత్తం 200 నమోదులు. ఒక్క మరణమూ లేనివి 109, ఒకటి ఉన్నవి 65, రెండు ఉన్నవి 22, మూడు ఉన్నవి 3, నాలుగు ఉన్నది 1.

మొత్తం మరణాలు 122. దాన్ని 200తో భాగిస్తే సగటు 0.61, అదే మన లాంబ్డా. కాలిక్యులేటర్‌లో e పవర్ మైనస్ 0.61 కొట్టి 200తో గుణిస్తే సున్నా మరణాలకి ఎక్స్‌పెక్టెడ్ ఫ్రీక్వెన్సీ (పాయిజాన్ ప్రకారం రావాల్సిన లెక్క) 108.67 వస్తుంది. ఇక్కడి నుంచి ప్రతిసారీ ఫ్యాక్టోరియల్స్ వేసుకుంటూ కూర్చోకండి. పైన వచ్చినదాన్ని 0.61తో గుణించి వరసగా 1, 2, 3, 4తో భాగిస్తూ పోండి: 66.29, 20.22, 4.11, 0.63. ఒకచోట తప్పితే కిందవన్నీ తప్పుతాయని కొందరికి ఈ పద్ధతంటే భయం. 200లోంచి ఇవన్నీ తీసేస్తే మిగిలేది 0.08, అది ‘5, ఆపైన’ అనే వరసకి. ఆ మిగులు నెగటివ్‌గానో మరీ పెద్దగానో వచ్చిందంటే పైన ఎక్కడో తప్పారని అప్పుడే తెలిసిపోతుంది. ఈ చివరి వరస ఎగ్గొట్టకండి. ఫ్రీక్వెన్సీలని పూర్ణసంఖ్యలుగానూ మార్చకండి. చాలామంది మారుస్తారు, నేను మాత్రం ఒప్పుకోను. రెండు దశాంశాలు ఉండాల్సిందే.

ఇక అసలు చిక్కు. ఎక్స్‌పెక్టెడ్ ఫ్రీక్వెన్సీ 5 కన్నా తక్కువ ఉన్న వరసల్ని పక్కవాటితో కలపాలి. చూడాల్సింది ఎక్స్‌పెక్టెడ్‌ని, అబ్జర్వ్డ్‌ని (డేటాలో నిజంగా ఉన్నదాన్ని) కాదు. అబ్జర్వ్డ్ 3 ఉందని కలిపేసేవాళ్లని ఏటా చూస్తున్నాను. చివరి మూడు వరసలు కలిపితే 4.82. ఇక్కడే చాలామంది ‘5కి దగ్గరే కదా సార్’ అని ఆగిపోతారు. ఆగకూడదు. 5 అనేది వాడుకలో ఉన్న హద్దు మాత్రమే, నిజమే. కానీ హద్దు ఒకటి అనుకున్నాక డేటా చూసి జరపడం కుదరదు. దాన్ని కూడా పైనున్న 20.22తో కలపండి: ఎక్స్‌పెక్టెడ్ 25.04, అబ్జర్వ్డ్ 26. అబ్జర్వ్డ్ కాలమ్‌లో కలపడం మరిచిపోయి రెండు టోటల్స్ ఎందుకు కుదరట్లేదని తల పట్టుకునేవాళ్లూ ఉన్నారు. కలిపిన వరసలకి పెన్సిల్‌తో బ్రాకెట్ గీయండి, కొత్త టేబుల్ వేయకండి.

ఇప్పుడు లెక్కపెట్టండి. మిగిలినవి మూడు వరసలు: 0, 1, ‘2, ఆపైన’. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ లెక్క ఈ మూడుతోనే మొదలవ్వాలి, మొదటి ఆరు వరసలతో కాదు. టోటల్ 200 అని కట్టేశాం కాబట్టి ఒకటి తీసేయండి. లాంబ్డాని ఇదే డేటా నుంచి తీసుకున్నాం కాబట్టి ఇంకొకటి తీసేయండి. రికార్డులో ఊరికే 1 అని కాకుండా 3 − 1 − 1 = 1 అని విడమరచి రాయండి. ప్రశ్నలోనే లాంబ్డా ఇచ్చేస్తే రెండో ఒకటి తీయక్కర్లేదు. అదే నార్మల్ ఫిట్టింగ్‌లో సగటు, ఎస్‌డీ (ప్రామాణిక విచలనం) రెండూ డేటా నుంచే తీస్తే, టోటల్‌తో కలిపి మూడు పోతాయి.

ఒకటే కదా అని తీసిపారేయకండి. కై-స్క్వేర్ 4.5 వచ్చిందనుకోండి. 5 శాతం దగ్గర టేబుల్ విలువ డిగ్రీ 1 అయితే 3.841, 2 అయితే 5.991. మన విలువ టేబుల్ విలువని దాటితే నల్ హైపోథిసిస్‌ని, అంటే డేటాకి పాయిజాన్ సరిపోతుందన్న ఊహని, తిరస్కరించాలి. ఒకదాంతో తిరస్కరిస్తారు, ఇంకోదాంతో తిరస్కరించరు. 1900లో ఈ టెస్ట్ పెట్టిన కార్ల్ పియర్సన్‌కే ఈ రెండో ఒకటి తట్టలేదు. డేటా నుంచి అంచనా వేసిన ప్రతి పరామితికీ (మన లాంబ్డా లాంటిదానికి) ఒకటి చొప్పున తీసేయాలని 1922లో స్టాటిస్టీషియన్ ఫిషర్ చూపించాడు, పియర్సన్ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసిన సి.ఆర్. రావు పేరు మీద మన గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇన్‌స్టిట్యూటే ఉంది. ఈ ఊళ్లో చదువుతూ ఆ ఒకటి మరిచిపోతే ఏం బాగుంటుంది?

మిగతాది సులువే. తేడాల వర్గాన్ని ఎక్స్‌పెక్టెడ్‌తో భాగించి కూడితే 0.063 వస్తుంది, 3.841 కన్నా చాలా తక్కువ. ‘5 శాతం స్థాయిలో నల్ హైపోథిసిస్‌ని తిరస్కరించడానికి ఆధారం లేదు’ అని రాయండి. ‘పాయిజాన్ అని నిరూపించాం’ అని రాస్తే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎర్రపెన్ను తీస్తారు. గ్రాఫ్ అడిగితే కలపకముందున్న ఫ్రీక్వెన్సీలతోనే గీయండి.