ఎడారి ఎలుక నీటి పద్దు
వన్య మూషికాల శరీరధర్మం: మూడవ పాఠం

ఒక జంతువు పీల్చుకునే ప్రాణవాయువును బట్టి అది రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తుందో లెక్కకట్టడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ లెక్క చేయడం వచ్చినవారు దాని పక్కనే నీటి పద్దు కూడా రాయగలరు. బరువు తగ్గకుండా బతుకుతున్న జంతువులో నీటి రాబడి, పోబడి సమానంగా ఉండి తీరాలి కనుక, పద్దు కలవని చోట మనం ఏదో ఒక దారిని గమనించకుండా వదిలేశామని వెంటనే తెలిసిపోతుంది. ఈ పద్ధతిమీద నాకు గురి కుదరడానికి కారణం అదే.

ఈ పాఠానికి తీసుకున్న ప్రాణి ఉత్తర అమెరికా నైరుతి ఎడారుల్లో నివసించే మెరియమ్ కంగారూ ఎలుక. దీని బరువు సుమారు 40 గ్రాములు. ఎండు గింజలు తింటూ, నీరు ముట్టకుండా నెలల తరబడి బతకగలదు కనుక, ఒంట్లో ఎక్కడో నీరు దాచుకుంటుందేమోనని అనుమానించడం సహజమే. 1940ల చివర్లో క్నూట్ ష్మిట్-నీల్సన్, బోడిల్ ష్మిట్-నీల్సన్ దంపతులు అరిజోనాలో పరీక్షించి చూడగా, వారాల తరబడి ఎండు గింజలతోనే గడిపిన ఎలుకల శరీరంలో కూడా నీటి శాతం మామూలుగానే ఉన్నట్టు తేలింది. నిల్వ లేదని తెలిశాక, ఇక వచ్చేదెంతో పోయేదెంతో తూచి చూడవలసిందే.

వారు వేసిన పద్దును మీ నోటుపుస్తకంలో రెండు నిలువు వరుసలుగా రాసుకోండి. 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 20 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిలో ఎలుక 100 గ్రాముల బార్లీ తినడానికి పట్టే కాలానికి, అంటే దాదాపు ఒక నెలకు, వేసిన లెక్క ఇది. జమ వైపు, ఆహారం దహనమైనప్పుడు పుట్టిన నీరు 54 గ్రాములు, గింజల్లోని తేమ 6 గ్రాములు. ఖర్చు వైపు, ఆవిరి 43.9 గ్రాములు, మూత్రం 13.5, మలం 2.6. రెండు వైపులా మొత్తం 60.

ముందు జమ సంగతి చూద్దాం. ఆహారంలోని ఉదజని ప్రాణవాయువుతో కలిసి నీరవుతుంది. ఒక గ్రాము పిండిపదార్థం నుంచి 0.56 గ్రాములు, కొవ్వు నుంచి 1.07 గ్రాములు, మాంసకృత్తుల నుంచి దాదాపు 0.4 గ్రాముల నీరు వస్తుంది. ఈ మూడు అంకెలు కంఠతా వచ్చి ఉంటే ఏ గింజకైనా లెక్క వేయవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పిండిపదార్థం 72.6, మాంసకృత్తులు 10.4, కొవ్వు 1.9, తేమ 11.9 గ్రాములు ఉన్నాయి. హెచ్చవేసి కూడితే దహనం వల్ల పుట్టే నీరు సుమారు 46.9 గ్రాములు, తేమతో కలిపి 58.8 గ్రాములు అవుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, కాస్త నిదానంగా చదవండి. గ్రాముకు ఎక్కువ నీరిచ్చేది కొవ్వే కనుక ఎడారి ఎలుక నూనెగింజలనే ఏరుకుని తినాలని అనిపిస్తుంది. కానీ ఒక గ్రాము కొవ్వు దహనానికి దాదాపు 2 లీటర్ల ప్రాణవాయువు కావాలి, పిండిపదార్థానికి 0.83 లీటరు చాలు. పీల్చిన ప్రతి లీటరు ప్రాణవాయువుకు పిండిపదార్థం 0.67 గ్రాముల నీరిస్తే, కొవ్వు 0.53 గ్రాములే ఇస్తుంది. ఊపిరి పీల్చిన కొద్దీ తేమ పోతుంది కాబట్టి ఈ రెండో లెక్కే ఎలుకకు అసలైనది. ఆహారపు గ్రాములను మాత్రమే చూసి తీర్పు చెప్పిన వ్యాసాలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి.

ఖర్చుల్లో మలం లెక్క తేలిక. తడి బరువులోంచి, ఆరబెట్టాక తూచిన బరువు తీసేస్తే చాలు. మూత్రం అంత తేలిగ్గా లొంగదు. జల్లెడ అడుగున్న పంజరం కింద గిన్నె పెడితే, పడిన చుక్క పొడిగాలికి నిమిషాల్లో ఆవిరై, మూత్రం ఉన్నదానికంటే తక్కువగానూ చిక్కగానూ కనిపిస్తుంది. అందుకే గిన్నెలో ముందుగా ద్రవ పారఫిన్ పోస్తారు. బరువైన మూత్రపు చుక్క ఆ నూనె పొరను దాటి అడుక్కు చేరుతుంది, ఇక దానికి గాలి తగలదు.

ఆవిరి విషయంలో ముక్కును గమనించాలి. ఊపిరితిత్తుల్లో 38 డిగ్రీల వద్ద తేమతో నిండిన గాలి లీటరుకు సుమారు 46 మిల్లీగ్రాముల నీటిని మోస్తుంది. అదే గాలి 25 డిగ్రీలకు చల్లబడితే 23 మిల్లీగ్రాములకు మించి మోయలేదు. లోపలికి పోయే పొడిగాలి ముక్కులోని ఇరుకు దారుల గోడలను చల్లబరుస్తుంది. బయటికి వచ్చే గాలి ఆ గోడలను ఒరుసుకుంటూ వస్తూ తన తేమలో చాలా భాగాన్ని అక్కడే వదిలేస్తుంది. దీనికి తోడు ఎలుక పగలంతా బయటికంటే తేమగా ఉండే బొరియలో గడిపి, రాత్రి మాత్రమే బయటికి వస్తుంది. ఇన్ని జాగ్రత్తలు ఉన్నా ఖర్చులో దాదాపు మూడు వంతులు ఆవిరిదే.

అయితే మూత్రం అంకె చిన్నది కనుక మూత్రపిండం పాత్ర కూడా చిన్నదే అనుకోకూడదు. ఆ అవయవం లేకపోతే అంకె ఎంత ఉండేదో లెక్కించాలి, ఈ పాఠంలో పట్టుబడవలసిన నేర్పు అదే. కంగారూ ఎలుక మూత్రం గాఢత లీటరుకు సుమారు 5,500 మిల్లీఆస్మోల్‌ల (ద్రవంలో కరిగి ఉన్న కణాల లెక్కకు కొలమానం) దాకా వెళ్తుంది, మనిషిది 1,400 దగ్గర ఆగుతుంది. అవే వ్యర్థాలను మనిషి మూత్రపిండంతో బయటికి పంపవలసి వస్తే 13.5 గ్రాములకు బదులు సుమారు 53 గ్రాముల నీరు కావాలి. ఆవిరికి, మలానికి పోగా మిగిలేది 13.5 గ్రాములే కనుక ఎలుక బతకదు. ఈ తేడాకు మూలం మూత్రపిండపు దవ్వలోని, అంటే లోపలి భాగంలోని, హెన్లీ వంపులు అనే సన్నని గొట్టాల మలుపులు. అవి పొడవైన కొద్దీ మూత్రం చిక్కబడుతుంది. ఎలుకల వర్గానికే చెందినా నీటిలోనే కాలం గడిపే బీవరులో ఈ వంపులన్నీ పొట్టివే, దాని మూత్రం గాఢత 520 దాటదు.

అభ్యాసం. 100 గ్రాముల సోయా గింజల్లో మాంసకృత్తులు 43.2, కొవ్వు 19.5, పిండిపదార్థం 20.9, తేమ 8.1 గ్రాములు. నీటి రాబడి కట్టండి. జొన్నల రాబడికి చాలా దగ్గరగా వస్తుంది. అయినా ష్మిట్-నీల్సన్ దంపతులు సోయా మాత్రమే పెట్టిన కంగారూ ఎలుకలు నీరు లేక చనిపోయాయి. ఒక గ్రాము మాంసకృత్తుల నుంచి 0.34 గ్రాముల యూరియా వస్తుందనీ, ఈ ఎలుక 100 మిల్లీలీటర్ల మూత్రంలో 23 గ్రాముల యూరియాను మించి ఇమడ్చలేదనీ తీసుకుని, కారణం మీరే తేల్చండి. అదే సోయా తింటున్న ఎలుకలకు సముద్రపు నీరు తాగడానికి ఇచ్చినప్పుడు అవి బతికాయి. సముద్రపు నీటి గాఢత లీటరుకు సుమారు 1,000 మిల్లీఆస్మోల్‌లు అని గుర్తుంచుకుని, ఒక లీటరు తాగితే ఎలుక జాతికి మిగిలే నీరెంతో కట్టి, పైన చెప్పిన మనిషి గాఢతతోనూ ఆ లెక్కనే మళ్లీ వేయండి. మనిషి లెక్కలోనూ కొంత మిగులు కనిపిస్తుంది. సోడియం క్లోరైడు వరకే చూస్తే మన మూత్రపిండం దాన్ని సముద్రపు నీటిలో ఉన్నంత చిక్కగా కూడా పంపలేదు కనుక ఆ మిగులును నమ్మవచ్చో లేదో కూడా రాయండి.