బుల్లి పిచ్చుక గూడు లేతు మీద తిప్పుతుంటే సూది ఎందుకు విరుగుద్ది, ఒళ్ళు ఎందుకు పగులుద్ది, ఏం చెయ్యాల

లేతంటే కొయ్యని గిరగిరా తిప్పే మిషను, ఉలి ఆనించి చెక్కుతాం, ఈ గూడు దాని మీద చేసే కొయ్య బొమ్మ. ముందు కొలతలు చెప్తా, కింద చెప్పేదంతా వీటి మీదే. గూటి ఒళ్ళు 38 మిల్లీమీటర్ల లావు 45 ఎత్తు, లోపల 22 మిల్లీల బొక్క, పైన గుడిసె కప్పు, దాని మీద కొక్కెం, అడుగున 60 మిల్లీల పొడుగు సూది (కిందికి సన్నగా దిగే కొయ్య మొన), ముందువైపు 8 మిల్లీల గుమ్మం, గుమ్మం కింద పిట్ట కూచునే పుల్ల. నిజం పిచ్చుక దూరాలంటే గుమ్మం 32 మిల్లీలన్నా ఉండాల, కాబట్టి ఇది ఉత్త అలంకారం బొమ్మే. చిన్నప్పుడు చూరుకి వరికంకుల కుచ్చు కట్టేవాళ్ళు గదా పిచ్చుకలకి, మా ఇంట్లో ఆ మేకుకే ఇప్పుడు ఇది వేలాడతా ఉంది.

కావలిలో సెకండ్ హ్యాండ్ లేతు కొన్నాక నేను చేసిన మొదటి పది గూళ్ళలో ఏడు పొయ్యిలోకి పోయినయ్. చెయ్యి వణికి పాడైంది వాటిల్లో ఒకటే, మిగతావన్నీ ముందు చెయ్యాల్సింది తర్వాత చేసి పోగొట్టుకున్నవే.

సూది విరగతా ఉంది, లేదా గడగడలాడి మెలికల గీతలు పడతా ఉండాయి

అందరికీ వచ్చే రోగం ఇదే. మనం ఏం చేస్తామంటే సూది మొత్తాన్ని ఒకేసారి సన్నం చేసుకుంటా వస్తాం, బొంగరం చేసినట్టు, అట్టా చేస్తే నడుం సన్నబడిపోయి చివర ఇంకా లావుగా ఉంటది, అప్పుడు ఉలి ఆనించంగానే అది వంగి ఊగుద్ది, గీతలు పడతాయి, ఇంకాస్త నొక్కితే టప్పున పోద్ది. టెయిల్ స్టాక్ (ముక్క రెండో కొనని నొక్కి పట్టే లేతు భాగం) వైపు ఉండే మొనతో మొదలు పెట్టాల. ఒక 10 మిల్లీలు పూర్తిగా తేల్చి, ఉప్పుకాగితం కూడా అక్కడికక్కడే పట్టేసి, తర్వాత చక్ (కొయ్యని బిగించి తిప్పే దవడలు) వైపు ఇంకో 10, ఇట్టా జరుక్కుంటా పోవాల. సన్నం చేసిన చోటికి మళ్ళీ ఉలితో పోవద్దు, ఎంత మనసు పీకినా సరే.

ఇట్టా చేసినా విరుగుతుంటే టెయిల్ స్టాక్ చూడండి. లావుగా ఉన్నప్పుడు గట్టిగా బిగించిన బిగింపే సన్నబడినాక కూడా ఉంటే సూది విల్లు మాదిరి వంగుద్ది. సన్నబడేకొద్దీ వదులు చేస్తా రండి, చివర్లో మొన మీద ఊరికే ఆనుకోని ఉంటే చాలు. స్పీడు నిమిషానికి 2000 నించి 2500 చుట్లు, కొత్తోళ్ళు భయపడి 800 లో తిప్పుతారు, సన్నపు పనికి అది ఇంకా కష్టం. ఎడమ చేతి వేలు ఒకటి వెనక మెత్తగా ఆనిస్తే ఊగడం తగ్గుద్ది, వేలు వేడెక్కిందంటే ఎక్కువ నొక్కుతున్నట్టే.

ఇంకో కారణం నార. రంపంతో కోసిన ముక్కలో నార ఏటవాలుగా పోయి ఉండొచ్చు, బయటికి కనపడదు. సూదికి వాడే ముక్కని గొడ్డలితో చీల్చి తీసుకోండి, చీలిక నార వెంటే పోద్ది కాబట్టి నిలువు నార దానంతటదే వస్తది. విరిగినదాన్ని ఫెవిక్విక్ పెట్టి మళ్ళీ లేతు మీద తిప్పొద్దు, ముక్క మొహానికి ఎగురుద్ది. మిగిలినదాన్ని పొట్టి సూదిగా తేల్చుకోండి, ఎవురూ కనిపెట్టరు.

ఒళ్ళు పగిలింది

నా ఏడింటిలో మూడు ఇవే. ఇంటి ముందు వేపకొమ్మ నరికితే అది గుండ్రంగానే ఉంది గదా అని అట్నే చక్‌లో బిగించినా. కొమ్మ నడిమధ్యలో ఉండే మెత్తటి బెండు వల్ల ఎండేటప్పుడు పగులు అక్కణ్ణించే మొదలవుద్ది, మన రోహిణి కార్తె ఎండకి ఒక్క రోజు చాలు. మధ్య బెండు వదిలేసి పక్క ముక్కలే వాడండి, కొనలకి ఫెవికాల్ గానీ మైనం గానీ పూసి నీడలో పెట్టండి. ఆరిందా లేదా అంటే వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకోండి, బరువు దిగడం ఆగిపోతే ఆరినట్టే. కార్తీకమాసం ముసురులో తూచి ఆరిందనుకోకండి, అప్పుడు గాలిలోనే తేమ ఉంటది.

ఏ కొయ్య అంటారా, ఎండిన వేప బానే తిరుగుద్ది. సుబాబుల్ ఒంగోలు వైపు ఎంత కావాలంటే అంత దొరుకుద్ది, కానీ ఉలి మొద్దుబారిందా పీచు లేస్తది. ఉదయగిరి చెక్క గరిటెలకి వాడే నర్ది, బిక్కి లాంటి కొండ కర్ర అయితే సన్నపు పనికి ఆశ పుడుద్ది, కాకపోతే అది అడవి కొయ్య, కొట్టుకు రావడం కుదరదు. గరిటెలు చేసేవాళ్ళని అడిగితే తుంపు ముక్కలు ఇస్తారేమో చూడండి, మనకి కావాల్సింది బెత్తెడే గదా.

గుమ్మం అంచు లోపల్నించి పెచ్చులూడింది

ఒళ్ళు డొల్ల చేసినాక గుమ్మం పొడిచారు, అంతే. వెనక ఆసరా లేకపోతే డ్రిల్ బిట్ బయటికొచ్చేటప్పుడు చీల్చుకుంటా వస్తది. ముందు గుమ్మం పొడిచి, తర్వాత ఫోర్స్ట్‌నర్ బిట్‌తో (చదును అడుగుతో వెడల్పు బొక్క తొలిచే బిట్) 500 చుట్ల మీద లోపల తొలవండి. ఇప్పటికే డొల్ల చేసుంటే 22 మిల్లీల కర్రబిళ్ళ ఒకటి లోపల దూర్చి పొడవండి. గుండ్రటి ఒంటి మీద బిట్ జారతా ఉంటే మేకుతో చిన్న గుంట కొట్టి 2 మిల్లీల బొక్కతో మొదలు పెట్టండి.

అడుగు తూటు పడింది

తొలిచిన లోతు గుర్తు పెట్టుకోకుండా బయట సన్నం చేస్తే ఇదే జరుగుద్ది. బిట్‌కి టేపు చుట్టి 32 మిల్లీల దగ్గర ఆపండి, ఒంటి మీద బయట పెన్సిల్ గీత గియ్యండి. తూటు పడినా పారెయ్యక్కర్లేదు, దాన్నే గుండ్రంగా పెద్దది చేసి సూదికి పైన మొల (బొక్కలో దిగే గుండ్రటి కొన) ఉంచి అందులో దింపితే సరి.

కప్పు వదులు, లేదా దిగట్లేదు

కప్పు అడుగున మొల, కుంకుమ భరిణె మూత ఎట్టా దిగుద్దో అట్టా దిగాల. కప్పు ఇంకా లేతు మీద ఉండంగానే ఒంటిని తెచ్చి మొలకి పెట్టి చూసుకుంటా తియ్యాల, చక్‌లోంచి తీసేశాక కొలిస్తే లాభం లేదు. వదులైతే పల్చటి కాగితం ఒక చుట్టు, ఫెవికాల్. నిన్న సరిపోయి ఇవాళ ఒక పక్క పట్టేస్తుంటే మాత్రం కొయ్య ఆరలేదు, బొక్క కోలగా మారింది, పైన వేప సంగతే మళ్ళీ చదవండి. చూరు ఒంటికన్నా చుట్టూ 4 మిల్లీలు బయటికి ఉంటే అందంగా ఉంటది, తక్కువైతే టోపీ పెట్టిన కోడిగుడ్డులా ఉంటది.

కొక్కెం తిప్పితే కప్పు మొన చీలింది

1 మిల్లీ బొక్క ముందే వెయ్యండి, కొక్కేనికి కాస్త సబ్బు రుద్దండి.

పాలిష్ తెల్లగా పాలిపోయింది

వానరోజు వేసుంటారు, పూత ఆరేలోపు గాలిలో తేమ దాంట్లో చిక్కుకుంటది. ఎండ కాసిన రోజు అదే పాలిష్‌ని దాని పలచన చేసే ద్రవంతో బాగా పల్చన చేసి ఒక్క చెయ్యి వేస్తే చాలాసార్లు తెలుపు పోద్ది. అవిసె నూనె వాడేవాళ్ళు తుడిచిన గుడ్డని ఉండ చేసి మూలన పడెయ్యొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకుంటది, దండెం మీద పరిచి ఆరేసినాకే చెత్తలో వెయ్యండి. అన్నట్టు లుంగీ, తువ్వాలుతో లేతు దగ్గరికి పోవద్దు, కళ్ళద్దాలు లేకుండా అసలే వద్దు.