సీ షిఫ్ట్‌లో బరువు తగ్గట్లేదా? లోపం ఎక్కడో పట్టుకునే పద్ధతి

పైడిభీమవరం మందుల కంపెనీల బస్సెక్కేవాళ్లయినా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో పనిచేసేవాళ్లయినా, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సులయినా, బరువు తగ్గాలనుకోగానే ముందు అన్నం మీద పడతారు. నైట్ షిఫ్ట్ వాళ్లు ముందు చూడాల్సింది గడియారం. కింద రాసిన వేళలన్నీ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఉండే సీ షిఫ్ట్‌కి. మీది 8 నుంచి 8 అయితే ఆ మేరకు జరుపుకోండి.

సమస్య: కాటా ఒకరోజు కిలో ఎక్కువ, ఒకరోజు కిలో తక్కువ

ఇది కొవ్వు కాదు, నీళ్లూ ఉప్పూ. షిఫ్ట్ మారిన మొదటి మూడు నాలుగు రోజులు తిండి వేళ, విరేచనం వేళ రెండూ తప్పుతాయి. దానికి ఆవకాయ, ఎండుచేప తోడైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. డ్యూటీ దిగి వచ్చి కాటా ఎక్కొద్దు. పడుకుని లేచాక, దొడ్డికెళ్లొచ్చి, ఏమీ తినకముందు కాటా ఎక్కాలి. రోజూ రాసుకుని వారం సగటు తీసి, ఏ షిఫ్ట్ వారాన్ని ఆ షిఫ్ట్ వారంతోనే పోల్చండి. నడుము కొలత బొడ్డు దగ్గర పదిహేను రోజులకోసారి చాలు. మనవాళ్లకి మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలి.

సమస్య: "రెండు పూటలే తింటున్నాను, అయినా తగ్గట్లేదు"

కాగితం మీద రాస్తే రెండు నాలుగవుతాయి. బయల్దేరే ముందు ఎనిమిదింటికి అన్నం, ఒంటిగంటకి క్యాంటీన్, ఆరున్నరకి గేటు బయట పూరీ, మధ్యాహ్నం లేచాక మళ్లీ అన్నం. పైగా టీలు. రెండేసి చెంచాల పంచదారతో రాత్రికి నాలుగు టీలంటే పాలతో కలిపి దాదాపు 280 కేలరీలు. అంటే ఒకటిన్నర కప్పు అన్నం తాగేసినట్టే.

పగలు లేచాక, అంటే రెండున్నరకి, అసలు భోజనం అదే చేసుకోండి. ఒకటిన్నర కప్పు అన్నం, కప్పు గట్టిపప్పు, ఆనపకాయో తోటకూరో అన్నానికి సమానంగా, పక్కన రెండు చేపముక్కలో గుడ్లో. రాత్రి ఎనిమిదింటికి అందులో సగం. ఒంటిగంటన్నరకి చిరుతిండి, ఉదయం అంబలి. అంతకుమించి ఏమీ వద్దు. రోజుకి 400 నుంచి 500 కేలరీలు తగ్గితే వారానికి అరకిలోకి కాస్త తక్కువగా దిగుతుంది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు తగ్గాలి మరి.

నూనె సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. లీటరు ప్యాకెట్ తెరిచినరోజు దాని మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో పదిహేను రోజులు రావాలి. ఎనిమిది రోజులకే అయిపోతే, మీ వాటాకి రోజుకి దాదాపు 120 కేలరీలు అదనం.

సమస్య: రాత్రి రెండింటికి ఆగని ఆకలి

అందులో కొంత నిద్ర చాలకపోవడం వల్లే. నిద్ర చాలనప్పుడు ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగి, చాలు అనిపించే లెప్టిన్ తగ్గుతుంది. ఆ వేళ శరీరం చక్కెరని పగటిలా సర్దుకోలేదు. క్యాంటీన్ ప్లేటు అన్నం తిన్నాక మూడింటికి కళ్లు మూతలు పడటానికి ఇదీ ఒక కారణమే.

క్యారేజీలో ఇవి పెట్టుకోండి: ఉడకబెట్టిన గుడ్డు ఒకటి, గుప్పెడు (30 గ్రాములు) వేయించిన శనగలు, కీరదోస. గుడ్డు తిననివాళ్లకి కప్పు ఉలవ గుగ్గిళ్లు. వేరుశనగలు కూడా మంచివే కదా అని పొట్లం విప్పితే ఆగదు. 100 గ్రాములకి 560 కేలరీలు దాటుతాయి. పిడత కింద పప్పు తేలికే అనిపిస్తుంది గానీ అందులో కారప్పూస, నూనె కలుస్తాయి.

సమస్య: ఇంటికి రాగానే ఏదైనా తింటే గానీ నిద్ర రాదు

ఇక్కడే ఎక్కువమందికి లెక్క తప్పుతుంది. ఖాళీ కడుపుతో పడుకోమని ఎవరూ చెప్పరు. కానీ నాలుగు పూరీలు తిని పడుకుంటే రాత్రి పొదుపు చేసిందంతా పోతుంది. దీనికి చోడి (రాగి) అంబలిని మించింది లేదు.

మూడు పెద్ద చెంచాల (30 గ్రాములు) చోడి గుండని (పిండిని) రాత్రే అరగ్లాసు చన్నీళ్లలో కలిపి మూతపెట్టండి. పొద్దున్న ఒకటిన్నర గ్లాసు నీళ్లు మరిగించి, ఆ పుల్లటి గుండ నీళ్లు సన్నధారగా పోస్తూ తిప్పాలి. పొడి గుండని నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండ కడుతుంది. సన్నని సెగ మీద ఎనిమిది పది నిమిషాలు, పచ్చివాసన పోయేదాకా. చల్లారాక గ్లాసు పలచటి మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ. అంతా కలిపి 130 నుంచి 150 కేలరీలు. అలవాటుగా గరిటెడు అన్నమో నూకో వేస్తే ఆ లెక్క చాలా పెరుగుతుంది, బెల్లం వేస్తే ఇంకాను.

సమస్య: పగలు నాలుగైదు గంటలకే మెలకువ

కారణం టీ, వెలుతురు, ఫోను. టీలోని కెఫీన్ సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. చివరి టీ రెండింటికి తాగాలి. ఐదింటి టీ నిద్రని కొరుకుతుంది. బస్సులో వచ్చేవాళ్లు నల్లద్దాలు పెట్టుకోవచ్చు. హైవే మీద బండి నడిపేవాళ్లు మాత్రం వద్దు, ఆ వేళ కునుకు పట్టేస్తుంది. కిటికీకి ముదురు దుప్పటి కట్టి ఏడున్నరకల్లా పడుకోండి. మే నెల ఉక్కకి మధ్యాహ్నం లేచిపోతే, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా మరో నిద్ర తీసి మొత్తం ఏడు గంటలు నింపండి.

సమస్య: ఆరు రోజులు బాగుంది, ఆదివారంతో సరి

ఆరు రోజుల్లో తగ్గించిన 2,400 కేలరీలు బిరియాని, బీరు, సాయంత్రం బజ్జీలతో చాలావరకు తిరిగొస్తాయి. బిరియాని తినండి, బీరో బజ్జీలో ఒకటి వదిలేయండి.

ఇవి ఇంట్లో తేలేవి కావు

బరువు దిగుతున్నా చేతులు సన్నబడి నీరసంగా ఉంటే మాంసకృత్తులు తక్కువై ఉండొచ్చు. పప్పు, గుడ్డు, చేప పెంచి, లేచాక పదిహేను నిమిషాలు బస్కీలు, గోడకి దండేలు వేయండి. అయితే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లు (కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు) ప్రోటీన్ పొడి డబ్బా కొనకముందు క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోవాలి. మూత్రపిండాలకి తెలియని జబ్బుంటే అదనపు ప్రోటీన్ వాటికి బరువు.

షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు రాత్రి తిండి సొంతంగా మానేయకూడదు. షుగర్ బాగా తగ్గిపోయి మెషిన్ దగ్గర చెమట, వణుకు వచ్చి పడిపోవచ్చు. మందు వేళలు డాక్టరుతో మార్పించుకున్నాకే తిండి వేళలు మార్చాలి. ఇవన్నీ నెలన్నర పాటించినా కాటా కదలకపోతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించండి. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లోవాళ్లు చెబితే, ఎన్ని గంటలు పడుకున్నా ఆ నిద్ర లెక్కలోకి రాదు, దానికి వేరే చూపించుకోవాలి.