గుమ్మడి గింజలు వేయించే ముందు జాగ్రత్తలు

- కాయ కోయగానే చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదుగా ఉంటే గింజలతో సహా పారేయండి. ఆ చేదు వేయిస్తే పోదు, కడుపు పాడుచేస్తుంది.

- నాటడానికి అమ్మే విత్తనాలు వద్దే వద్దు. వాటికి మందు పట్టించి ఉంటారు.

- పీచు, జిగురు పోయేదాకా నీళ్లలో పిసికి కడగాలి. గుడ్డ మీద పరిచి రోజంతా ఎండనివ్వండి (కాగితమైతే అంటుకుంటుంది). అసలు పని ఇదే. తడి మిగిలితే పైపొట్టు మాడినా లోపలి పప్పు సాగుతూనే ఉంటుంది.

- మందపాటి మూకుడు, సన్న సెగ, కప్పు గింజలకు చెంచా నూనె. కలుపుతూనే ఉండాలి. గింజలు చిట్లి పైకి ఎగురుతాయి, ముఖం దూరంగా పెట్టండి.

- కారం పొయ్యి ఆపాకే చల్లాలి, లేదంటే మాడి ఘాటెక్కుతుంది.

- వేగగానే పళ్లెంలోకి ఒంపేయండి. పూర్తిగా చల్లారాకే సీసాలోకి.