షెడ్డు రేకులకు తుప్పు పట్టకుండా ఏం చేయాలి

రేకు మధ్యలో తుప్పు మొదలవడం తక్కువే. ముందు చూడాల్సింది స్క్రూల చుట్టూ, రేకు మీద రేకు ఎక్కిన చోట, కోసిన అంచుల దగ్గర. జీఐ (గాల్వనైజ్డ్ ఐరన్, అంటే జింక్ పూసిన ఇనుము) రేకు మీది జింక్ పూత తాను కరిగిపోతూ లోపలి ఇనుమును కాపాడుతుంది కాబట్టి, ఆ పూత పోయిన చోటే మన పని.

తిరుపతి, రేణిగుంట వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, అందుకని సెప్టెంబరులోనే సేఫ్టీ బెల్టు కట్టుకుని, స్క్రూల వరుస వెంబడే అడుగులు వేస్తూ ఒకసారి పైకెక్కి చూడండి. గట్టర్లో పేరుకున్న ఆకులు, మట్టి తీసేయండి. తడి మట్టి నెలల తరబడి కూర్చుంటే ఎంత మంచి రేకునైనా తినేస్తుంది. స్క్రూ కింది నల్ల రబ్బరు వాషర్‌ను గోటితో నొక్కండి, పగిలి పొడిలా రాలితే మార్చాల్సిందే. మా ఎండలకు ముందు పోయేది అదే.

రిపేరు వాళ్లు గ్రైండర్‌తో రేకు కోస్తుంటే దయచేసి ఆపండి. ఆ వేడికి అంచున పూత కాలిపోతుంది, ఎగిరిన ఇనుప రజను రేకుకు అతుక్కుని ఒక్క వానకే ఎర్రచుక్కలవుతుంది. రేకుల కత్తెర వాడమనండి, డ్రిల్ పొట్టును ఆ సాయంత్రమే మెత్తని చీపురుతో ఊడ్పించండి.

రాగి పైపుల మీదుగా కారే ఏసీ నీళ్లు రేకు మీద పడనివ్వొద్దు, జింక్ త్వరగా పోతుంది. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లాంటి చోట్ల ఆవిరి రేకు లోపలివైపు చెమటలా పట్టి కిందినుంచి తింటుంది, కప్పు మీద వెంటిలేటర్లు తప్పనిసరి.

తుప్పు కనిపించిందా, వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి, తుడిచి, ఆరాక జింక్ ప్రైమర్, దానిమీద పెయింటు. తుప్పు మీదే రంగు వేస్తే అది లోపల పాకుతూనే ఉంటుంది.